గాలంగారి జెల్లలు

గాలంగారు ఏది రాసినా చివర చుక్క పెట్టేవారు కాదు, ప్రశ్నార్థకం పెట్టేవారు. ఆయన గురించి చెప్పాల్సింది ఇదొక్కటే. తక్కినవన్నీ దీనికి తోకలు.

ఆయన మ్యూజియంలో జెల్లచేపల విభాగానికి పెద్ద. పొద్దున్నే హాజరుపట్టీలో సంతకం చేసి, దాని పక్కన పెన్సిలుతో ఓ కొక్కెం తగిలించేవారు.

"ఏమిటండీ ఇది? మీరొచ్చినట్టా, రానట్టా?" అని హెడ్‌క్లర్కు తల పట్టుకునేవాడు.

"ఇంకా పదేగా అయింది. సాయంత్రానికి తేలుతుంది లెండి."

సెలవుచీటీలో 'నాకు జ్వరం?' అని రాసేవారు. టీ కాచుకునే మూల డబ్బాల మీద 'పంచదార?' అనీ 'ఉప్పు?' అనీ ఉండేది. అందుకని ఆ విభాగంలో ఎవరూ రుచి చూడకుండా కప్పులో ఏదీ వేసుకునేవారు కాదు. ఆయన భార్య ఒకసారి మ్యూజియానికి వచ్చినప్పుడు అందరి ముందూ అంది: "మా పెళ్లి రిజిస్టరులో కూడా ఈయన సంతకం పక్కన కొక్కెం ఉందమ్మా. ముప్ఫై నాలుగేళ్లయింది, నేను అర్ధాంగినో అర్ధసందేహాన్నో నాకే తెలీదు." గాలంగారు దానికి చిన్నబుచ్చుకోలేదు. "ఆ రోజు నాకు అంత అదృష్టం నిజమేనా అనిపించింది," అన్నారు. ఆవిడ కొంగు సర్దుకుంది.

ఆ కొక్కేన్ని చూసే ఆయనకి గాలంగారని పేరొచ్చింది. చేపలాయన, చేతిలో గాలం, ఇంకేం కావాలి? అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మనిషి కూడా అలాగే ఉండేవారు. సీసాల్లోకి తొంగిచూసి చూసి మెడ ముందుకి వంగిపోయింది. దూరాన్నుంచి చూస్తే నిలువెత్తు ప్రశ్నార్థకం నడిచొస్తున్నట్టుండేది. కింద చుక్క లోటుండేది గాని, కాళ్ల దగ్గర పెట్టుకునే గుండ్రటి టిఫిను డబ్బా ఆ లోటు తీర్చేది.

చేపల విషయంలో ఇంత నీళ్లు నమిలే మనిషి, మనుషుల విషయంలో మాత్రం క్షణం ఆలోచించేవారు కాదు. ఎవరు ఎదురుపడినా ఏ జెల్ల కుటుంబమో ఠక్కున తేల్చేసేవారు. అటెండరు బాబాయ్‌ది కవచపు జెల్లల కుటుంబం. నోటితో రాయికి అతుక్కుంటే వరదొచ్చినా కదలదు. బాబాయ్ తన స్టూలుకి అతుక్కోవడం కూడా అలాంటిదే. టిక్కెట్ల గదిలో ఆవిడది మాట్లాడే జెల్లల కుటుంబం; ముల్లు కీలులో తిప్పి రోజంతా కిర్రుకిర్రుమంటుంది. డైరెక్టరుగారిది తలకిందులుగా ఈదే జెల్లల కుటుంబం. ఆయన ఫైళ్లు చదివే తీరు తెలిసినవాళ్లు దీన్ని కాదనలేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఉద్యోగానికి వచ్చింది లేబులమ్మ.

నలభై మూడేళ్లావిడ. అంతకుముందు దుకాణాలకి బోర్డులు రాసేది. ముత్యాల్లాంటి అక్షరాలు. యంత్రాలు వచ్చి బోర్డులు అచ్చు వేయడం మొదలెట్టాక ఆ చేతికి పని లేకపోయింది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. కూతురు నర్సింగు రెండో ఏడు. మూడు నెలలకోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం అది. అందుకని మూడు నెలల్లో రెండు నెలలు పొడిగిస్తారో లేదో అని భయపడేది. మూడో నెల, పొడిగించాక, మళ్లీ పొడిగిస్తారో లేదో అని భయపడేది.

ఆమెకి అన్నిటికీ భయమే. లిఫ్టంటే భయం. ఖాకీ కవరంటే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే పాడైందేమోనని భయం. అన్నిటికన్నా "ఒకసారి రండి" అనే మాటంటే భయం. ఆ మాట వినబడితే చాలు, మంచినీళ్లు తాగడానికే పిలిచినా సరే, పై ప్రాణాలు పైనే పోయేవి.

జెల్లల గది చూస్తే ధైర్యవంతులకే ఒళ్లు జలదరించేది. మెట్లు దిగాలి. కిటికీలు లేవు. మూడువేల సీసాలు, సీసాకి ఒకటో రెండో చేపలు. పొలుసుల్లేని నున్నటి ఒళ్లు, తెల్లబడిన కళ్లు, గాజుకి ఆనించిన పొడుగాటి మీసాలు. స్పిరిట్టు నిండిన గది కాబట్టి దీపాలు పన్నెండు నిమిషాలకోసారి వాటంతటవే ఆరిపోయేవి. మళ్లీ వెలగాలంటే తలుపు దాకా వచ్చి మీట నొక్కాలి. ఆ మీట దాకా చీకట్లో నడిచే ఇరవై అడుగులూ లేబులమ్మ ఊపిరి బిగపట్టి నడిచేది. వెనకాల ఎవరో మీసాలు కదిపినట్టుండేది.

"చచ్చిన చేపలకి భయపడతావేంటమ్మా?" అని నవ్వేది కూతురు.

"చచ్చినవి గనకే భయం. బతికున్నవైతే నన్ను చూసి అవే పారిపోతాయి."

మొదటిరోజు గాలంగారు ఆమెని చూసీ చూడగానే, "గాజు జెల్లల కుటుంబం," అన్నారు. "ఒళ్లంతా అద్దం. పేగులూ ముళ్లూ బయటికే కనబడతాయి. మీ గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో నాకు ఇక్కణ్ణించే తెలుస్తోంది."

ఆమె చేయి పెట్టి గుండె కప్పుకుంది.

"భయపడకండి. చేపల పేర్లు చాలా తేలిక. మనలాగే, ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. ఇంటిపేర్లు కొన్ని కలిస్తే కుటుంబం. కుటుంబం పేరు చివర ఎప్పుడూ 'ఇడే' అని వస్తుంది. సైలూరిడే, క్లారిడే, ఏరిడే. శాస్త్రం ఇడే, ఇడే అని ఢంకా కొడుతుంది. నేను, ఇదేనా, అని అడుగుతాను. అంతే తేడా."

ఆమెకి అప్పజెప్పింది చివరి గోడవారగా ఉన్న అరలు. వాటి మీద 'కుటుంబం తేలనివి?' అని రాసుంది. రెండువందల పన్నెండు సీసాలు. ప్రతి లేబులు మీదా కుటుంబం పేరు, పక్కన పెన్సిలుతో గాలం. ఆ సీసాల్లో స్పిరిట్టు తగ్గకుండా చూడడం, పాతబడిన లేబుళ్లు తిరగరాయడం, వారానికోసారి అన్నీ తుడవడం ఆమె పని. ఎనిమిది నెలలు ఏ తప్పూ జరగకుండా చేసింది. తప్పు చేయడానిక్కూడా ధైర్యం కావాలి కదా.

ఆ ధైర్యం ఆమెకి ఒక మంగళవారం వచ్చింది. అదీ భయం వల్లే వచ్చింది.

ఆ రోజు పొద్దున ఖాకీ కవరొకటి కిందికి దిగింది. శుక్రవారం తనిఖీ. లేబుళ్ల మీద పెన్సిలు గీతలు గాని, కొట్టివేతలు గాని ఉండరాదు. ఉన్నచో సంబంధిత సిబ్బంది బాధ్యులు.

సంబంధిత సిబ్బంది అంటే ఎవరు? లేబులమ్మ గదంతా కలియజూసింది. తను, మూడువేల సీసాలు. చేపలు సిబ్బంది కావు.

"వచ్చేది ఎవరో తెలుసా?" అన్నాడు బాబాయ్ స్టూలు మీంచి లేవకుండానే. "కత్తెరాఫీసరు. రాళ్ల విభాగానికెళ్లి, రాళ్లు ఎక్కడికీ పోవు గదా కాపలా ఎందుకని ముగ్గుర్ని ఇంటికి పంపించాడు. సీతాకోకచిలకల దగ్గరికెళ్లి, ఇవి ఎగరడం లేదు గదా, అని ఇంకో ఇద్దర్ని. ఆయన చేతి సంచీలో ఎప్పుడూ ఖాళీ ఉత్తర్వులుంటాయట, పేరు నింపడమే తరువాయి."

"పెద్దాయన ఎక్కడ బాబాయ్?"

"కంటి డాక్టరు దగ్గరికెళ్లారు. మూడు రోజులు సెలవు. చీటీలో 'కన్ను?' అని రాశారు."

లేబులమ్మ వెళ్లి అరల ముందు నిలబడింది. రెండువందల పన్నెండు పెన్సిలు గీతలు, రెండువందల పన్నెండు కొక్కేలు ఆమె వైపే తిరిగి వేలాడుతున్నాయి. ఆమె కొంగున ముడేసుకున్న రబ్బరు ముక్క తీసింది.

మంగళవారం, బుధవారం, గురువారం తుడిచింది. దీపం ఆరినప్పుడల్లా ఊపిరి బిగబట్టి మీట దాకా వెళ్లి, మళ్లీ వచ్చి తుడిచింది. ఒకసారి చీకట్లో చేయి తగిలి ఓ సీసా ఊగింది. లోపల చేప మెల్లగా తిరిగి ఆమెకి ఎదురుగా ఆగింది. "క్షమించండి," అంది ఆమె చేపతో. గీత పోయిన చోట లేబులు వెలితిగా కనబడుతుందని, ఆ చోట సన్న కుంచెతో నల్ల సిరా చుక్క పెట్టింది. గుండ్రంగా, బోర్డు మీద పెట్టినంత నికరంగా. ఏరిడే. క్లారిడే. సైలూరిడే. గురువారం సాయంత్రానికి ఆ గోడంతా ఎంత శుభ్రంగా, ఎంత నిశ్చయంగా ఉందంటే, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమెకి కాస్త ఊపిరాడింది.

శుక్రవారం పొద్దున గాలంగారు వచ్చారు. ఒక కంటికి పచ్చటి అద్దం. మెట్లు దిగి, అరల ముందు నిలబడి, మెడ ఇంకాస్త వంచారు.

"అన్నీ చేశానండీ," అంది లేబులమ్మ. "ఒక్క గీత కూడా మిగల్లేదు."

గాలంగారు ఒక సీసా చూశారు, రెండోది చూశారు, పదోది చూశారు. పచ్చ అద్దం తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత ఏమీ అనకుండా వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆయన మౌనంగా ఉండడం ఆ గదిలో ఎవరూ చూడలేదు. చివరికి "ఊఁ?" అని కూడా అనలేదు.

లేబులమ్మ స్టూలు వైపు తిరిగింది. "బాబాయ్, ఏమైంది?"

బాబాయ్ స్టూలు దిగాడు. ఆయన స్టూలు దిగాడంటేనే ఏదో మునిగిపోయిందని అర్థం. "అమ్మాయ్, నీ ఉద్యోగం కాగితం ఎప్పుడైనా చదివావా?"

"భయమేసి చివరి దాకా చదవలేదు. సంతకం పెట్టేశాను."

"'కుటుంబం తేలని నమూనాలు ఉన్నంతకాలం, వాటి సంరక్షణకై' అని ఉంటుంది. తేలినవాటిని పైనున్న పర్మినెంటు వాళ్లు చూసుకుంటారు. తేలనివి ఉంటేనే నువ్వుంటావు. ఇప్పుడేవీ? అన్నీ తేల్చేశావుగా! సందేహానికొకటి చొప్పున రెండువందల పన్నెండు చుక్కలు పెట్టావు. నీ ఉద్యోగాన్ని నువ్వే రబ్బరెట్టి తుడిచేసుకున్నావమ్మాయ్!"

మూడువేల జతల తెల్ల కళ్లూ ఒకేసారి ఆమెని చూశాయి. కూతురి కాలేజీ, నెలాఖరు, ఇంటివాళ్లు, పాత కుంచెలు పెట్టిన రేకు డబ్బా, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. "మళ్లీ పెట్టేస్తాను, ఇప్పుడే పెట్టేస్తాను," అని పెన్సిలు కోసం తడుముకుంటుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

కత్తెరాఫీసరు పొట్టి మనిషి. చేతిలో సంచీ, చంకలో ఫైలు. వస్తూనే గోడకేసి చూసి, "ఆహా," అన్నాడు. "ఇదీ పద్ధతంటే. ఏదీ, కుటుంబం తేలనివి ఎన్ని?"

బాబాయ్ పైకప్పుకేసి చూశాడు.

"సున్నా అన్నమాట." ఆయన సంచీ జిప్పు లాగాడు. ఆ చప్పుడు లేబులమ్మ వెన్నులోంచి వెళ్లింది. "అయితే ఈ సంరక్షకురాలి పోస్టు అక్కర్లేదు. ఏమ్మా, నీ పేరేంటి? ఒకసారి ఇలా రా."

ఒకసారి రా. ఆ మాట రానే వచ్చింది. ఆమెకి తన పేరు గుర్తురాలేదు.

"ఒక్క నిమిషమండీ?" అన్నారు గాలంగారు లేచి. బీరువాలోంచి ఓ లావుపాటి రిజిస్టరు తెచ్చి బల్ల మీద దబ్బున వేశారు. "లేబుళ్లు మారాయి, రిజిస్టరు కూడా మారాలి కదా. సందేహంలోంచి నిశ్చయంలోకి మార్చాలంటే రూలు ప్రకారం రెండు సంతకాలు కావాలి. ఒకటి విభాగాధికారిది. రెండోది, ఆ సమయానికి ఉన్న పై అధికారిది. ఈ సమయానికి మీరున్నారు. మొత్తం రెండువందల పన్నెండు. కూర్చోండి?"

"దానికేం, పెట్టేద్దాం," అని ఆఫీసరు పెన్ను తీశాడు. మొదటి వరసలో గాలంగారి సంతకం అప్పటికే పడింది. పక్కన కొక్కెం కూడా పడింది. "ఇదేంటి?"

"నాకింకా సందేహమండీ."

"మరి నేనెక్కడ పెట్టాలి?"

"నిశ్చయం అన్న గడిలో. మీకు సందేహం లేదు కదా?"

ఆఫీసరు పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగింది. "ఏమిటి ఆ చేప?"

గాలంగారు సీసా తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టారు. "లేబులు మీద ఏరిడే అని ఉంది. సముద్రపు జెల్లల కుటుంబం. వీటిలో తండ్రి గుడ్లన్నిటినీ నోట్లో పెట్టుకుని, అవి పిల్లలయ్యేదాకా తిండి మానేసి తిరుగుతాడు. ఏటి జెల్లలూ అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ వాటికి ముక్కు మీద ఓ జత మీసాలు ఎక్కువ. దీనికి ఉన్నాయా?"

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "లేవు."

"ఖాయమేనా?"

"...ఏదో నల్లగా ఉంది."

"మచ్చా, విరిగిన మీసం మొదలా?"

"మచ్చ. కాదు, మొదలు. కాదు..." దీపం ఆరిపోయింది. చీకట్లో ఆఫీసరు కెవ్వుమన్నాడు. బాబాయ్ తీరిగ్గా వెళ్లి మీట నొక్కి వచ్చేసరికి చేప పక్కకి తిరిగిపోయింది. "ఇందాకటిదేనా ఇది?"

"అదేనా?" అన్నారు గాలంగారు కూడా, ఆయన్నే అడుగుతున్నట్టు.

ఆఫీసరు నుదురు తుడుచుకున్నాడు. "సరే, నేను నిశ్చయమని సంతకం పెట్టాననుకోండి. రేపెప్పుడో ఎవడో పండితుడొచ్చి ఇది తప్పంటే?"

"ఏముందండీ, ఎవరు నిశ్చయించారని రిజిస్టరు తీసి చూస్తారు. నా పక్కన కొక్కెం ఉంటుంది, నన్ను వదిలేస్తారు."

"నన్ను?"

"ఒకసారి రమ్మంటారు."

లేబులమ్మ ఆఫీసరు మొహం చూసింది. ఆ మొహం ఆమెకి బాగా తెలుసు. రోజూ అద్దంలో చూసే మొహమే. పెదాలు ఎండిపోయి, కళ్లు కవరు కోసం వెతుకుతూ, ఊపిరి బిగబట్టి. ఇంతమందిని ఇంటికి పంపిన మనిషికి కూడా ఆ మాటంటే ఇంత భయమా అని ఆమె నోరు వెళ్లబెట్టింది.

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టేశాడు. తర్వాత మనసొప్పక, జేబులోంచి తీసి సంచీలో పెట్టి జిప్పు లాగాడు. "అసలీ కొక్కేలు తుడిచిందెవరు?" అని గట్టిగా అరిచాడు. భయపడినవాళ్లకి అరవడానికి ఇంకొకరు కావాలి కదా.

లేబులమ్మ చెప్పేద్దామని నోరు తెరిచింది.

"నేనే తుడిచానా?" అన్నారు గాలంగారు.

"నన్నడుగుతారేంటండీ!"

"కన్ను బాగోలేదు. ఏం తుడిచానో, ఏం వదిలేశానో..." పచ్చ అద్దం చూపించారు.

"చాలు, చాలు! ఇంత గందరగోళంలో ఉన్నవాటికి చుక్కలు పెడతారా? నా మీదికి తెస్తారా? అన్నీ తీసేయండి. ముందెలా ఉన్నాయో అలా ఉండాలి. గీత పోకుండా కాపలా ఉండాలి. ఎవరమ్మా ఇక్కడ చూసుకునేది?"

"నేనేనండీ," అంది లేబులమ్మ. ఆ ఒక్క మాటకి ఆమె ఎనిమిది నెలల ధైర్యమంతా ఖర్చయింది.

"నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదు," అని ఆఫీసరు ఖాళీ ఉత్తర్వొకటి తీసి, చరచరా నింపి, సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లెక్కాడు. పైకెళ్లాక లిఫ్టు తలుపు రెండుసార్లు కొట్టుకోవడం వినిపించింది.

బాబాయ్ ఉత్తర్వు గట్టిగా చదివాడు. "'సందేహాలన్నియూ తీరువరకు సదరు సంరక్షకురాలిని కొనసాగించవలెను.' అమ్మాయ్! మూడు నెలలని లేదు, ఆరు నెలలని లేదు! పెద్దాయన ఆఫీసరుకి జెల్ల కొట్టారే!" అని స్టూలు మీదికి ఎక్కి, ఈసారి పూర్తిగా అతుక్కుపోయాడు.

లేబులమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. గాలంగారు మంచినీళ్లిచ్చి, బీరువా తాళం చేతికిచ్చారు. "పాత జాబితా పై అరలో ఉంటుంది. అది చూసి కొక్కేలు మళ్లీ పెట్టేయండమ్మా. నాకు చుక్కల మందు వేసుకునే వేళయింది," అని పక్క గదిలోకి వెళ్లారు.

పై అరలో రెండు పుస్తకాలున్నాయి. చేతికందింది నల్ల అట్టది. తెరిచింది. గాలంగారి చేతిరాతే, కానీ పెన్సిలు కాదు, సిరా. సీసా నంబరు, మీసాల లెక్క, అంగిట్లో పళ్ల వరస, వీపు మీద కొవ్వు రెక్క కొలత, ఆ కింద కుటుంబం పేరు. పేరు చివర చుక్క. పేజీ తిప్పింది. చుక్క. ఇంకో పేజీ. చుక్క. ఎక్కడా కొక్కెం లేదు. కొన్ని పేజీల మీది తేదీలు ఆమె బోర్డులు రాసే రోజులనాటివి. ఆయనకి అన్నీ తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

అంచుల్లో మాత్రం, ఒకరి తర్వాత ఒకరు ఆ అరలు చూసుకున్నవాళ్ల గురించి, సన్నగా పెన్సిలు రాతలున్నాయి. ఇరవై సీసాల పక్కన, 'కాలు పోయిన తోటమాలి పించను వచ్చేదాకా.' నలభై సీసాల పక్కన, 'గొంతు పోయిన గైడు పిల్లలు ఎదిగేదాకా.' ఇంకో వరస పక్కన, 'వాచీల మేస్త్రీ కళ్లు బాగుపడేదాకా.' తక్కినవాటి పక్కన, 'లేబులమ్మ కూతురు నర్సయ్యేదాకా. తర్వాత ఇంకెవరో?'

ఆమె పుస్తకం పట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది. గాలంగారు తల వెనక్కి వాల్చి, మందు చుక్క కంట్లో వేసుకోబోయి, అద్దం మీద వేసుకుంటున్నారు.

"మీకన్నీ తెలుసు," అంది.

ఆయన పుస్తకం చూసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డారు. "తప్పేనమ్మా. కాదనను. కానీ ఎక్కడా అబద్ధం రాయలేదు, ప్రశ్న రాశాను, అంతే."

"ఇవి అచ్చు వేయించి ఉంటే మీకెంత పేరొచ్చేదండీ?"

"చేపలకి తొందరేముంది? అవి స్పిరిట్టులో ఉన్నాయి, వందేళ్లైనా చెడవు. మనుషులే గాలికి ఉన్నారు. ఈ కుటుంబాలు ఇవాళ తేలకపోతే ఏ చేపా బాధపడదు. కుటుంబం గడవకపోతే బాధపడేవాళ్లు వేరే ఉన్నారు." ఆయన గొంతు సవరించుకున్నారు. "పైగా నాకు సంతకం పెట్టాలంటే నిజంగానే భయం. అందరూ నన్ను తెలివైనవాణ్ణి అనుకుంటారు. మా ఆవిడ ఒక్కతే కనిపెట్టింది."

లేబులమ్మ ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంది. లెక్కపెట్టింది. లెక్క తప్పిందేమోనని భయపడి మళ్లీ లెక్కపెట్టింది. రెండువందల పదకొండు.

"ఒకటి తక్కువుందండీ."

గాలంగారు లేచి, జెల్లల గదిలోకి వచ్చి, గోడ దగ్గరికి నడిచారు. కింది అర చివర, మూలన, జానెడు సీసా. దాన్ని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టారు. చిన్న చేప. బూడిదరంగు, కొంచెం వంకర. మీసాలు ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా ఉన్నాయి.

"దీనికి ఏ పుస్తకంలోనూ చోటు లేదమ్మా. ఇరవై ఆరేళ్లుగా రోజూ చూస్తున్నాను. ఓ రోజు ఆ కుటుంబం అనిపిస్తుంది, మర్నాడు ఈ కుటుంబం అనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, నీకే తెలీదా, అంటారని." ఆయన గొంతు తగ్గింది. "దగ్గరికి రండి. మీ కళ్లు నావాటికన్నా బాగుంటాయి."

ఆమె వంగి చూసింది. చేప తెల్లటి కన్నుతో ఆమెనే చూసింది. ఆమెకి మెడ వెనక వెంట్రుకలు లేచాయి. అయినా పక్కకి జరగలేదు.

"ఏమనిపిస్తోంది?"

"భయమేస్తోందండీ."

"నాకూనమ్మా," అన్నారు గాలంగారు ఎంతో సంతోషంగా, తన కుర్చీ ఆమె వైపు జరుపుతూ. "కూర్చోండి. ముందు మీసాలు లెక్కపెడదాం."